హాన్స్ స్పీమన్

హాన్స్ స్పీమన్ (జూన్ 27, 1869 - సెప్టెంబర్ 12, 1941) జర్మనీ దేశానికి చెందిన సుప్రసిద్ధ జంతుశాస్త్రవేత్త, పిండోత్పత్తి శాస్త్రజ్ఞుడు. జర్మన్ భాషలో ఈయన పేరును హన్స్ ష్పేమన్ అని పలుకుతారు. పిండం ఎదిగే దశలో ఒక భాగం తన పొరుగు భాగాల భవితవ్యాన్ని నిర్ణయించగలదని ప్రయోగపూర్వకంగా చూపినందుకు 1935లో ఈయనకు వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఎదిగిన కణంలోని కేంద్రకాన్ని తీసి, కేంద్రకం లేని అండంలో ప్రవేశపెడితే ఏమవుతుంది అన్న ప్రశ్నను ఒక ప్రయోగంగా ప్రపంచం ముందు ఉంచిన వారిలో ఈయన ముఖ్యుడు. 1938లో ముద్రితమైన ఆ ప్రతిపాదన, 58 సంవత్సరాల తరువాత డాలీ అనే గొర్రెపిల్ల పుట్టుకతో క్షీరదాలలో నిజమయింది. అందువలన జంతువుల క్లోనింగ్ చరిత్రను చెప్పేటప్పుడు స్పీమన్ పేరుతో ఆరంభించడం పరిపాటి.

బాల్యం, విద్యాభ్యాసం

స్పీమన్ జర్మనీ నైరుతి భాగంలోని ష్టుట్‌గార్ట్ నగరంలో జన్మించాడు. తండ్రి విల్‌హెల్మ్ స్పీమన్ పుస్తక ప్రచురణకర్త. నలుగురు పిల్లలలో హాన్స్ పెద్దవాడు. ఇంటినిండా పుస్తకాలు ఉండే వాతావరణంలో పెరగడం వలన సాహిత్యం, కళల మీద కలిగిన అభిరుచి ఆయనకు జీవితాంతం నిలిచింది. ఎబర్‌హార్డ్ లూడ్విగ్ పాఠశాలలో చదువు ముగించిన తరువాత 1888 నుండి కొంతకాలం తండ్రి వ్యాపారంలో పనిచేశాడు. ఆ తరువాత సైనిక శిక్షణ పూర్తిచేసి, కొద్దికాలం పుస్తక విక్రయంలో ఉన్నాడు. వ్యాపారం మీద మనసు నిలువక 1891లో వైద్యవిద్య కోసం హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

హైడెల్‌బర్గ్‌లో గుస్టావ్ వోల్ఫ్ అనే జీవశాస్త్రవేత్తతో పరిచయం ఏర్పడింది. న్యూట్ అనే ఉభయచరం కంటినుండి కటకాన్ని తొలగిస్తే, అది పిండదశలో పుట్టిన కణజాలం నుండి కాక, కంటిపాప అంచు నుండి తిరిగి పుడుతుందని వోల్ఫ్ గమనించాడు. న్యూట్ చూడడానికి బల్లిని పోలి ఉండి, గుడ్లను నీటిలో పెట్టే జీవి. ఈ పరిశీలన స్పీమన్‌ను వైద్యవృత్తి నుండి జంతుశాస్త్రం వైపు మళ్ళించింది. కొంతకాలం మ్యూనిక్‌లో చదివి, 1894లో వ్యూర్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళి, థియోడోర్ బోవెరీ వద్ద పరిశోధక విద్యార్థిగా చేరాడు. క్రోమోసోముల అధ్యయనంలో బోవెరీ ఆనాటి మేటి శాస్త్రవేత్తలలో ఒకడు. 1895లో స్పీమన్ పరాన్నజీవి అయిన ఒక నులిపురుగు పిండాభివృద్ధి పైన సిద్ధాంత వ్యాసం సమర్పించి డాక్టరేటు పొందాడు. అదే సంవత్సరం క్లారా బిండర్‌ను వివాహమాడాడు.

1896 చలికాలంలో స్పీమన్ క్షయవ్యాధితో ఆరోగ్య కేంద్రంలో విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. అక్కడ చదివిన పుస్తకాలలో ఆగస్ట్ వైస్‌మన్ రచించిన వంశపారంపర్య సిద్ధాంత గ్రంథం ఒకటి. స్పీమన్ తరువాతి నలభై సంవత్సరాల పరిశోధనకు బీజం ఆ పుస్తకంలోని ఒక ప్రశ్న.

ఆనాటి సమస్య

ఫలదీకరణం చెందిన అండం ఒకే ఒక కణం. అది రెండుగా, నాలుగుగా, ఎనిమిదిగా విభజన చెందుతూ పోతుంది. చివరకు ఆ కణాలలో కొన్ని చర్మంగా, కొన్ని నాడులుగా, కొన్ని కండరాలుగా మారతాయి. ఒకే కణం నుండి వచ్చిన సంతతిలో ఇంత తేడా ఎలా వచ్చింది అన్నది సమస్య. వైస్‌మన్ దీనికి ఒక సమాధానం ప్రతిపాదించాడు. తాత ఆస్తిని కొడుకులు, మనుమలు పంచుకుంటూ పోతే ఒక్కొక్కరికి చిన్న చిన్న చెక్కలే మిగిలినట్లు, కణవిభజన జరిగిన ప్రతిసారి కేంద్రకంలోని వారసత్వ పదార్థం పంపకమవుతుందని ఆయన భావించాడు. ఆ లెక్కన చర్మకణంలో చర్మానికి సంబంధించిన వాటా మాత్రమే మిగులుతుంది. పూర్తి ఆస్తి బీజకణాలలోనే భద్రంగా ఉంటుంది.

ఈ సిద్ధాంతం నిజమైతే శరీరకణం నుండి మొత్తం జంతువును పుట్టించడం అసాధ్యం. కాకపోతే, కనీసం సూత్రరీత్యా అది సాధ్యమే. ప్రయోగాలు మాత్రం పరస్పర విరుద్ధంగా ఉండేవి. 1888లో విల్‌హెల్మ్ రూ రెండు కణాల దశలో ఉన్న కప్ప పిండంలో ఒక కణాన్ని కాల్చిన సూదితో చంపగా, మిగిలిన కణం సగం పిండంగా ఎదిగింది. 1891లో హాన్స్ డ్రీష్ సముద్రపు అర్చిన్ పిండంలోని రెండు కణాలను విడదీయగా, ఒక్కొక్కటి చిన్నదైనా పూర్తి లార్వాగా ఎదిగింది. కప్ప ఒక మాట, అర్చిన్ మరొక మాట చెప్పినట్లయింది.

వెంట్రుక ఉచ్చు ప్రయోగాలు

స్పీమన్ ఎంచుకున్న జీవి న్యూట్. దీని అండం వ్యాసం రెండు మిల్లీమీటర్లకు మించదు. అటువంటి మెత్తని గోళాన్ని చిట్లకుండా రెండుగా విడదీయడానికి ఏ లోహపు సాధనమూ పనికిరాలేదు. స్పీమన్ పసిపిల్లల తలవెంట్రుకతో ఉచ్చు వేసి, అండం చుట్టూ బిగించే పద్ధతిని వాడాడు. పెద్దవారి వెంట్రుక కంటె పసివారి వెంట్రుక సన్నగా, మెత్తగా ఉండడమే ఇందుకు కారణం. గాజుకడ్డీలను సాగదీసి సూదులు, సన్నని గొట్టాలు తన చేతులతోనే తయారు చేసుకునేవాడు. న్యూట్‌లు వసంత ఋతువులోనే గుడ్లు పెడతాయి గనుక, సంవత్సరంలో కొద్ది వారాలు మాత్రమే ప్రయోగాలకు అవకాశం ఉండేది. ఒక ఏడాది విఫలమైతే మరుసటి వసంతం వరకు ఆగవలసిందే.

1901 నుండి 1903 వరకు ప్రచురించిన వ్యాసాలలో ఆయన రెండు కణాల దశలో ఉన్న పిండాలను ఉచ్చుతో బిగించినపుడు వచ్చిన ఫలితాలను వివరించాడు. ఉచ్చు పూర్తిగా బిగిస్తే కొన్నిసార్లు రెండు పూర్తి లార్వాలు వచ్చాయి. సగం మాత్రమే బిగిస్తే రెండు తలలు, ఒకే తోక గల లార్వాలు వచ్చాయి. మరికొన్ని సందర్భాలలో ఒక సగం పూర్తి లార్వా కాగా, రెండవ సగం వెన్ను, మెదడు లేని ఉదరభాగపు ముద్దగా మిగిలిపోయింది. ఉచ్చు అండాన్ని ఏ తలంలో విభజించింది అన్న దానిపైన ఫలితం ఆధారపడింది. భవిష్యత్తులో వెన్నుభాగం కాగల ప్రాంతంలో కొంత వాటా దక్కిన సగం మాత్రమే పూర్తి జీవిగా ఎదిగింది. కేంద్రకం ఒక్కటే కాక, దాని చుట్టూ ఉన్న జీవద్రవ్యం కూడా ముఖ్యమని దీనివలన తేలింది.

కంటి కటకం వివాదం

అదే కాలంలో స్పీమన్ కంటి నిర్మాణాన్ని కూడా పరిశోధించాడు. పిండంలో మెదడు నుండి పొడుచుకు వచ్చిన నేత్రపాత్ర పైచర్మాన్ని తాకినచోట కటకం ఏర్పడుతుంది. 1901లో ఆయన కప్ప పిండంలో నేత్రపాత్ర కాగల ప్రాంతాన్ని వేడిసూదితో నాశనం చేయగా, ఆ వైపు కటకం పుట్టలేదు. ఒక భాగం మరొక భాగాన్ని ప్రేరేపిస్తుందనడానికి ఇది నిదర్శనం. అయితే ఇతర శాస్త్రజ్ఞులు వేరే జాతులలో నేత్రపాత్ర లేకున్నా కటకం ఏర్పడడం చూశారు. స్పీమన్ స్వయంగా మరొక కప్పజాతిలో ప్రయోగం చేసి, అక్కడ ప్రేరణ లేకుండానే కటకం రావచ్చునని అంగీకరించాడు. తన మొదటి నిర్ణయానికి వ్యతిరేకంగా వచ్చిన ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం ఆయన పరిశోధనా పద్ధతికి మచ్చుతునకగా పేర్కొంటారు.

ఉద్యోగ జీవితం

స్పీమన్ 1908 వరకు వ్యూర్జ్‌బర్గ్‌లో పనిచేసి, ఆ సంవత్సరం రోస్టాక్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా నియమితుడయ్యాడు. 1914లో బెర్లిన్ సమీపంలోని డాలెమ్‌లో కైజర్ విల్‌హెల్మ్ జీవశాస్త్ర సంస్థలో ఒక విభాగానికి సంచాలకుడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలమంతా అక్కడే గడిపాడు. 1919లో ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్య పదవి స్వీకరించి, 1935లో పదవీ విరమణ చేసేవరకు కొనసాగాడు. ఆయన ప్రయోగశాలకు ఐరోపా, అమెరికా, జపాన్ దేశాల నుండి పరిశోధకులు వచ్చేవారు.

ఆర్గనైజర్ ఆవిష్కరణ

డాలెమ్‌లో ఉన్నపుడు స్పీమన్ పిండంలోని చిన్నముక్కలను ఒకచోటి నుండి మరొకచోటికి మార్చి అతికే ప్రయోగాలు చేశాడు. 1918లో వీటి ఫలితాలు ప్రచురితమయ్యాయి. గాస్ట్రులా తొలిదశలో మెదడు కాగల ముక్కను చర్మం కాగల చోట అతికితే, అది చర్మంగానే మారింది. అదే పని గాస్ట్రులా చివరిదశలో చేస్తే, చర్మం మధ్యలో నాడీకణజాలమే ఏర్పడింది. అనగా కణాల భవితవ్యం మొదట స్థిరంగా ఉండదు. ఆ కొద్ది గంటల వ్యవధిలో స్థిరపడుతుంది. ఒక్క ప్రాంతం మాత్రం దీనికి మినహాయింపుగా కనిపించింది. పిండం లోపలికి కణాలు ముడుచుకుపోయే రంధ్రపు పై అంచు, అనగా పృష్ఠ పెదవి, ఎక్కడ అతికినా తన స్వభావాన్ని వదలలేదు.

ఈ ప్రాంతం రహస్యాన్ని ఛేదించే పనిని స్పీమన్ తన విద్యార్థిని హిల్డె ప్రోషోల్ట్‌కు అప్పగించాడు. ఆమె 1898లో జర్మనీలోని గోథా పట్టణంలో జన్మించింది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో స్పీమన్ ఉపన్యాసం విని, 1920లో ఫ్రైబర్గ్ చేరుకున్నది. స్పీమన్ సహాయకుడు ఒట్టో మాన్‌గోల్డ్‌ను వివాహమాడి హిల్డె మాన్‌గోల్డ్ అయింది. 1921, 1922 వసంతాలలో ఆమె రంగులేని న్యూట్ జాతి పిండం నుండి పృష్ఠ పెదవి ముక్కను తీసి, ముదురు రంగు జాతి పిండం ఉదరభాగంలో అతికింది. రెండు జాతుల రంగులు వేరు కావడంతో, ఏ కణం ఎవరిదో సూక్ష్మదర్శినిలో స్పష్టంగా తెలిసేది. క్రిమినాశక ఔషధాలు లేని ఆ రోజులలో శస్త్రచికిత్స పొందిన పిండాలలో అధికభాగం కుళ్ళి చనిపోయేవి. బ్రతికిన కొద్ది పిండాలలో ఆశ్చర్యకరమైన ఫలితం కనిపించింది. ఉదరం మీద రెండవ వెన్ను, రెండవ నాడీనాళం ఏర్పడి, ఒక పిండానికి మరొక పిండం అతుక్కున్నట్లు ఎదిగింది. ఆ రెండవ పిండంలోని నాడీకణజాలం అధికభాగం అతికిన ముక్క నుండి కాక, ఆతిథ్యమిచ్చిన పిండపు కణాల నుండి వచ్చింది. అతికిన ముక్క తన చుట్టూ ఉన్న కణాలను కూడగట్టి కొత్త శరీరాన్ని నిర్మింపజేసిందన్నమాట. స్పీమన్ దీనికి ఆర్గనైజర్ అని పేరు పెట్టాడు. తెలుగులో నిర్వాహకం అనవచ్చును.

ఈ ఫలితాలు 1924లో స్పీమన్, హిల్డె మాన్‌గోల్డ్ పేర్లతో ప్రచురితమయ్యాయి. అది హిల్డె డాక్టరేటు పరిశోధన. ఇతర విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసాలను తమ పేరుతోనే ప్రచురించుకోగా, ఈ వ్యాసంలో మాత్రం స్పీమన్ తన పేరును మొదట ఉంచాడు. ఇది ఆమెకు నచ్చలేదని ఆమె సహాధ్యాయి విక్టర్ హాంబర్గర్ తరువాతి కాలంలో నమోదు చేశాడు. సెప్టెంబర్ 4, 1924న ఇంటిలో స్టౌ మంటలంటుకొని జరిగిన ప్రమాదంలో హిల్డె మరణించింది. అప్పటికి ఆమె వయస్సు 25 సంవత్సరాలు. ఆమెకు పసివాడైన కుమారుడు ఉన్నాడు. పదకొండు సంవత్సరాల తరువాత ఆ ఆవిష్కరణకు వచ్చిన నోబెల్ బహుమతిని స్పీమన్ ఒక్కడే అందుకున్నాడు. మరణించినవారిని ఆ బహుమతికి ఎంపిక చేయరు. నేడు పాఠ్యగ్రంథాలు ఆ ప్రాంతాన్ని స్పీమన్-మాన్‌గోల్డ్ ఆర్గనైజర్ అని ఇద్దరి పేర్లతోను వ్యవహరిస్తున్నాయి.

కేంద్రకం ప్రయోగం (1928)

వైస్‌మన్ లేవనెత్తిన ప్రశ్నకు స్పీమన్ మళ్ళీ వెంట్రుక ఉచ్చుతోనే జవాబు వెదికాడు. 1914లో మొదలుపెట్టిన ఈ ప్రయోగాల సమగ్ర ఫలితాలు 1928లో వెలువడ్డాయి. ఈసారి ఆయన అండం మొదటి విభజనకు ముందే ఉచ్చు బిగించి, దానిని డంబెల్ ఆకారంలోకి తెచ్చాడు. కేంద్రకం ఒక వైపు ఉండిపోయింది. రెండవ వైపు జీవద్రవ్యం మాత్రమే మిగిలింది. కేంద్రకం ఉన్న వైపు 2, 4, 8, 16 కణాలుగా విభజన చెందింది. కేంద్రకం లేని వైపు మార్పు లేకుండా నిలిచిపోయింది. 16 కణాల దశ సమీపంలో, మధ్యనున్న సన్నని వంతెన గుండా ఒక కేంద్రకం రెండవ వైపుకు జారిపోయింది. అప్పుడు ఉచ్చును పూర్తిగా బిగించి రెండు భాగాలను విడదీశాడు.

వారసత్వ పదార్థం నిజంగా పంపకమవుతూ ఉంటే, నాలుగు విభజనలు దాటిన ఆ కేంద్రకంలో పదహారవ వంతు మాత్రమే మిగిలి ఉండాలి. కాని వెన్నుభాగపు జీవద్రవ్యం దక్కిన సందర్భాలలో, ఆలస్యంగా కేంద్రకం పొందిన సగం కూడా పూర్తి లార్వాగా ఎదిగింది. తేడా అల్లా అది కవలకంటె కొంత వెనుకబడి ఉండడమే. తొలి విభజనలలో కేంద్రకం ఏమీ కోల్పోదని దీనితో రుజువయింది. ఒక కణపు కేంద్రకాన్ని మరొక కణపు జీవద్రవ్యానికి చేర్చి, పూర్తి జీవిని రాబట్టిన ఈ ప్రయోగాన్ని కేంద్రక బదిలీకి తొలిమెట్టుగా పరిగణిస్తారు.

1938 ప్రతిపాదన

1933లో స్పీమన్ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో సిల్లిమన్ ఉపన్యాసాలు ఇచ్చాడు. వీటి ఆధారంగా వ్రాసిన గ్రంథం 1936లో జర్మన్ భాషలోను, 1938లో ఆంగ్లంలోను వెలువడింది. అందులో ఆయన మరొక అడుగు ముందుకు వేశాడు. 16 కణాల దశలోని కేంద్రకం సంపూర్ణమే కావచ్చు. కాని బాగా ఎదిగి, ప్రత్యేక లక్షణాలు సంతరించుకున్న కణంలోని కేంద్రకం మాటేమిటి? అటువంటి కేంద్రకాన్ని వేరుచేసి, కేంద్రకం తొలగించిన అండంలో ప్రవేశపెట్టగలిగితే సమాధానం దొరుకుతుందని ఆయన సూచించాడు. ఈ ఆలోచన కొంత కల్పనలా తోచవచ్చునని కూడా అంగీకరించాడు. కేంద్రకాన్ని దెబ్బతినకుండా బయటికి తీసి మరొక కణంలోనికి పంపే సాధనం ఆనాడు లేదు. అప్పటికి స్పీమన్ పదవీ విరమణ చేసి ఉన్నాడు. ఆ ప్రయోగం జరగడం ఆయన చూడలేదు.

చివరి దశ

నాజీల పాలన స్పీమన్ శిష్యబృందాన్ని చెదరగొట్టింది. యూదుడైన విక్టర్ హాంబర్గర్ 1932లో ఉపకారవేతనంపై అమెరికా వెళ్ళగా, మరుసటి సంవత్సరం వచ్చిన కొత్త చట్టం వలన ఫ్రైబర్గ్‌లో ఉద్యోగం కోల్పోయాడు. ఆయన అక్కడే స్థిరపడి, నాడీవ్యవస్థ పిండాభివృద్ధిలో పేరు పొందాడు. మరొక శిష్యుడు యోహానెస్ హోల్ట్‌ఫ్రెటర్ కూడా జర్మనీ విడిచి వెళ్ళాడు.

స్పీమన్ సెప్టెంబర్ 12, 1941న ఫ్రైబర్గ్‌లో తన 72వ యేట మరణించాడు. ఆయన ఆత్మకథ మరణానంతరం 1943లో ప్రచురితమయింది.

స్పీమన్ తరువాత కేంద్రక బదిలీ

1952లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో రాబర్ట్ బ్రిగ్స్, థామస్ కింగ్ సన్నని గాజుగొట్టంతో కప్ప పిండకణం కేంద్రకాన్ని తీసి, కేంద్రకం తొలగించిన కప్ప అండంలో ప్రవేశపెట్టి, తోకకప్పలను రాబట్టారు. అయితే పిండం వయస్సు పెరిగిన కొద్దీ విజయాలు తగ్గిపోయాయి. ఎదిగిన కేంద్రకం ఏదో కోల్పోతుందన్న అనుమానం మళ్ళీ తలెత్తింది. 1962లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గర్డన్ తోకకప్ప పేగుకణాల కేంద్రకాలతో ఆ అనుమానానికి సమాధానమిచ్చాడు. 1963లో చైనాలో టోంగ్ దిజౌ బృందం గోల్డ్ ఫిష్ వంటి చేపలలో కేంద్రక బదిలీని సాధించింది. కృష్ణా డెల్టా, కొల్లేరు ప్రాంతపు చెరువులలో పెంచే బొచ్చె, శీలావతి కూడా గోల్డ్ ఫిష్ కుటుంబానికి చెందిన చేపలే.

క్షీరదాలలో నిర్ణాయక విజయం స్కాట్లాండ్‌లోని రోజ్లిన్ సంస్థలో లభించింది. ఇయాన్ విల్ముట్, కీత్ కాంప్‌బెల్ బృందం ఆరు సంవత్సరాల వయస్సు గల గొర్రె పొదుగు కణాలను, కేంద్రకం తొలగించిన అండాలతో సంలీనం చేసింది. అటువంటి 277 అండాలలో 29 మాత్రమే పిండాలుగా ఎదిగాయి. వాటిలో ఒక్కటే పిల్లగా పుట్టింది. అదే జూలై 5, 1996న జన్మించిన డాలీ. ఎదిగిన జంతువు శరీరకణంలో కూడా వారసత్వ సమాచారమంతా ఉంటుందని, అండంలోని జీవద్రవ్యం దానిని తిరిగి మొదటి స్థితికి తేగలదని దీనితో స్పష్టమయింది. గర్డన్, జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకాలకు 2012లో నోబెల్ బహుమతి లభించింది.

భారతదేశంలో, తెలుగునాట

భారతదేశంలో ఈ పద్ధతి ముందుగా పాడిగేదెలలో ఫలించింది. హర్యానాలోని కర్నాల్ జాతీయ పాడి పరిశోధనా సంస్థలో ఫిబ్రవరి 6, 2009న పుట్టిన గేదెదూడ కొద్ది రోజులకే మరణించింది. అదే సంవత్సరం జూన్‌లో గరిమ అనే దూడ పుట్టింది. 2010లో పుట్టిన గరిమ-2 అనే గేదె 2013లో మహిమ అనే దూడను సహజంగా ఈనింది. ఈ సంస్థ వాడిన పద్ధతిలో ఖరీదైన సూక్ష్మయంత్రాల అవసరం లేదు. అండాన్ని సూక్ష్మదర్శిని కింద సన్నని బ్లేడుతో చేత్తోనే కోసి కేంద్రకాన్ని తొలగిస్తారు. పసిపిల్లల వెంట్రుకతో అండాన్ని విడదీసిన స్పీమన్ హస్తకౌశలానికి ఇది దగ్గరి చుట్టం. 2023 మార్చిలో ఇదే సంస్థలో గంగ అనే గిర్ జాతి ఆవుదూడ పుట్టింది.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) ఆధ్వర్యంలో, అంతరించిపోతున్న జంతువుల సంరక్షణ కోసం లాకోన్స్ అనే ప్రయోగశాల ఏర్పడింది. భారతదేశంలో అంతరించిన ఆసియా చీతాను క్లోనింగ్ ద్వారా పునరుద్ధరించాలని లాల్జీ సింగ్ నేతృత్వంలో ప్రతిపాదన జరిగింది. ఇరాన్ దేశం నుండి చీతా కణాలు లభించకపోవడంతో అది ముందుకు సాగలేదు. వన్యజంతువుల కణాలను, వీర్యాన్ని అతిశీతల స్థితిలో భద్రపరచడం ఈ ప్రయోగశాల పనులలో ముఖ్యమైనది.

ఆంధ్ర ప్రదేశ్‌కు చెందిన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ దేశానికి ఎగుమతియై, అక్కడ నెల్లూరు పేరు మీదుగా నెలోర్ అనే పేరుతో విస్తరించాయి. మేలైన నెలోర్ పశువులకు ఆ దేశంలో ఇదే పద్ధతిలో నకళ్ళను పుట్టించారు. స్వదేశంలో ఒంగోలు జాతి రక్షణకు గుంటూరు సమీపంలోని లాం పశు పరిశోధనా స్థానం వంటి చోట్ల పిండ మార్పిడి పద్ధతిని చేపట్టారు. అయితే ఒకే పశువు నుండి అనేక నకళ్ళను తీస్తే మందలో జన్యు వైవిధ్యం తగ్గి, ఏదైనా రోగం సోకినపుడు అన్నీ ఒకే విధంగా లొంగిపోయే ప్రమాదం ఉంది. జాతిని కాపాడడానికి నకళ్ళ సంఖ్య కంటె, వేరువేరు వంశాల పశువులు మిగిలి ఉండడం ముఖ్యం.

అంచనా

ఆర్గనైజర్‌లో పనిచేసే రసాయనం కోసం 1930వ దశకంలో జరిగిన అన్వేషణ చాలావరకు నిరాశనే మిగిల్చింది. చంపిన కణజాలం కూడా నాడీకణజాలాన్ని ప్రేరేపించగలదని తేలింది. మిథిలీన్ బ్లూ వంటి రంగుపదార్థం కూడా అదే పని చేసింది. దీనితో ఈ రంగం మీద కొన్ని దశాబ్దాల పాటు ఆసక్తి సన్నగిల్లింది. 1992లో నాగిన్, 1994లో కార్డిన్ అనే ప్రోటీన్ల జన్యువులు కప్పలో బయటపడిన తరువాత, స్పీమన్, మాన్‌గోల్డ్‌లు చూసిన దృశ్యానికి వివరణ లభించింది. ఈ ప్రోటీన్లు కొత్త ఆజ్ఞలు ఇవ్వడం కంటె, కణాలను చర్మంగా మార్చే సంకేతాలను అడ్డుకుంటాయి. ఆ అడ్డు ఏర్పడినచోట నాడీకణజాలం రూపొందుతుంది.

స్పీమన్ రెండు ప్రశ్నలను వారసత్వంగా వదిలి వెళ్ళాడు. కణాలు ఒకదానితో ఒకటి ఎలా సంప్రదిస్తాయి అన్నది మొదటిది. ఎదిగిన కణం తన ఆరంభస్థితిని తిరిగి పొందగలదా అన్నది రెండవది. మూలకణాల పరిశోధన, జంతువుల క్లోనింగ్ ఈ రెండు ప్రశ్నల నుండే శాఖోపశాఖలుగా విస్తరించాయి.

ఇవి కూడా చూడండి

క్లోనింగ్
డాలీ (గొర్రె)
హిల్డె మాన్‌గోల్డ్
ఒంగోలు జాతి పశువులు
సీసీఎంబీ